పాప చెప్పేదాకా చూసుకోలేదు: ఫైబ్రోమయాల్జియా, కాళ్ళలో కండ తగ్గడం – నా అనుభవం

2023 మార్చి 12, ఆదివారం రాత్రి. మా పాప నా కాళ్ళకు నొప్పి మందు రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆగి, "అమ్మా, నీ కాళ్ళు రెండూ ఒకేలా లేవేంటి? ఇది సన్నగా ఉంది" అని ఎడమ తొడ మీద చెయ్యి పెట్టింది. దానికి తొమ్మిదేళ్ళు. లేచి అద్దం ముందు నిలబడ్డాను. నిజమే. మోకాలికి కాస్త పైన, లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ ఎడమ కాలికి దాదాపు లేదు. అక్కడ చర్మం వదులుగా, గుంట పడినట్టు ఉంది.

కుట్టుపెట్టెలోంచి టేపు తీసి, మోకాలి చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు కొలిచి, పెన్నుతో గీత పెట్టి తొడ చుట్టుకొలత చూశాను. కుడి 41.5. ఎడమ 39. నా చెయ్యి వణికిందేమోనని మా ఆయన చేత మళ్ళీ కొలిపించాను. అవే అంకెలు. ఆ రాత్రి ఇంట్లో పాప తప్ప ఎవరం నిద్రపోలేదు.

నాకప్పుడు 41 ఏళ్ళు. ఒళ్ళంతా నెలల తరబడి నొప్పి, అలసట ఉండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు అని తేలి తొమ్మిది నెలలైంది. 2021 సెప్టెంబరులో భుజాల్లో మొదలైన సలుపు నడుముకి, తొడలకి, పిక్కలకి పాకింది. ఎనిమిది గంటలు పడుకుని లేచినా అసలు పడుకోనట్టే ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మామూలు మాట కూడా గుర్తురాక ఆగిపోయేదాన్ని. నలుగురు డాక్టర్ల దగ్గర తిరిగాక, 2022 జూన్‌లో ఒక రుమటాలజిస్టు (కీళ్ళ, కండరాల నొప్పులు చూసే డాక్టరు) నాతో గంటసేపు కూర్చున్నారు. ఒంట్లో 19 చోట్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ, గత వారంలో ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందో అడిగారు. నాకు 14 చోట్ల వచ్చింది. అలసట, నిద్ర, మతిమరుపు ఎంతెంత ఉన్నాయో విడిగా లెక్క వేశారు. ఇవన్నీ మూడు నెలలకు పైగా ఉన్నాయా అని అడిగి, అప్పుడు ఆ పేరు చెప్పారు.

పేరు తెలియగానే నేను చేసిన పని, విశ్రాంతి తీసుకోవడం. ఇంట్లో అందరూ అదే చెప్పారు. "నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటా" అని అత్తయ్య నా చేతిలో పని లాక్కునేవారు. ప్రేమతోనే అనేవారు, నాకూ హాయిగా ఉండేది. మెట్లు మానేశాను. కింద కూర్చోవడం మానేశాను. ఉద్యోగం ఇంటి నుంచే కాబట్టి కుర్చీలోంచి మంచానికి, మంచం నుంచి కుర్చీకి, అంతే నడక. నొప్పి మాత్రం తగ్గలేదు. తగ్గకపోయేసరికి విశ్రాంతి చాల్లేదేమో అనుకుని ఇంకాస్త పడుకున్నాను.

టేపుతో కొలిచిన రాత్రి తర్వాత ఐదు రోజులు ఫోన్‌లో చదవడమే పని. కండ తగ్గడం, ఒక కాలే తగ్గడం, అప్పుడప్పుడు పిక్కలో చిన్నగా అదరడం. ఈ మూడూ కలిపి వెతికితే వచ్చేవి చాలా భయంకరమైన జబ్బులు. కండల్ని కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు అన్న మాట చదివాక పాప మొహం చూడలేకపోయాను. స్నానాల గదిలో ఒంటికాలి మీద నిలబడి, మడమల మీద నడిచి, మునివేళ్ళ మీద నడిచి రోజుకి పదిసార్లు పరీక్ష చేసుకునేదాన్ని. దాంతో కాళ్ళు ఇంకా నొప్పెట్టేవి, ఆ నొప్పి చూసి ఇంకా భయం వేసేది.

మార్చి 15న మొదట మాకు దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరకు వెళ్ళాం. పాత ఫైలు తిరగేసి, "ఫైబ్రోమయాల్జియా ఉంది కదమ్మా, దానివల్లే" అన్నారు. కాలు ముట్టుకుని చూడలేదు. నొప్పి మాత్రలు రాసిచ్చారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళందరికీ ఎదురయ్యే కష్టం ఇదే అనిపిస్తుంది. ఒకసారి ఆ పేరు ఫైల్లోకి ఎక్కాక, ఆ తర్వాత ఒంట్లో ఏం జరిగినా దాని ఖాతాలోనే రాసేస్తారు. నేనూ నమ్మాను. మూడు వారాలు పోయాయి. ఏప్రిల్ 6న ఇంట్లో మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు ఉన్నట్టుండి మడుచుకుపోయింది. పిట్టగోడ పట్టుకున్నాను కాబట్టి పడలేదు. మర్నాడే రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ అడిగాం. మే 2న దొరికింది. ఇరవై ఐదు రోజులు.

ఆ ఎదురుచూపులో చేసిన ఒక మంచి పని, వారానికోసారి అదే గీత దగ్గర, పొద్దున్నే, పడుకుని కాలు చాపి కొలిచి పుస్తకంలో రాయడం. నిలబడి ఒకసారి, పడుకుని ఒకసారి కొలిస్తే అంకెలు మారిపోతాయి. ఏ రోజు ఏ మెట్టు దగ్గర మోకాలు తడబడిందో కూడా రాశాను. డాక్టరు గారు నా మాటల కంటే ఆ పుస్తకాన్నే ఎక్కువసేపు చూశారు.

మే 2న రుమటాలజిస్టు గారు చెప్పిన మొదటి మాట ఇది: "ఫైబ్రోమయాల్జియా నొప్పి పుట్టిస్తుంది, కండని తినదు. మీ కండ తగ్గిందంటే దానికి కారణం వేరే వెతకాలి." వినగానే సంతోషించాలో భయపడాలో తెలియలేదు. మంచం మీద కూర్చోబెట్టి మోకాళ్ళ కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. రెండు కాళ్ళూ ఒకేలా ఎగిరాయి. గుండుసూదితో, దూదితో స్పర్శ చూశారు. తేడా లేదు. చేత్తో అడ్డం పెట్టి కాలు చాపమన్నారు. బలాన్ని 5కి లెక్కవేస్తారు. కుడికి 5, ఎడమకి 4. తర్వాత చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. నాకు 19 సెకన్లు పట్టింది. వయసు మళ్ళినవాళ్ళలో కూడా 15 సెకన్లు దాటితే కాళ్ళ బలం తక్కువ అంటారట. ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. ఆవిడ ఏమీ అనకుండా కాసేపు ఆగారు.

పాత మందుల చీటీలన్నీ తెమ్మని ముందే ఫోన్లో చెప్పారు. ఎందుకో అక్కడ అర్థమైంది. 2022 మొదట్లో ఒక డాక్టరు నా నొప్పులకు మూడు వారాలు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. అవి ఫైబ్రోమయాల్జియాకి పనిచేయవు, ఎక్కువకాలం వాడితే తొడల కండని బలహీనం చేస్తాయి. మూడు వారాలకే ఇంత జరగదు గానీ ఇక ముట్టుకోవద్దన్నారు. రక్తం అదే రోజు ఇచ్చాను. థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి, వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ, కండ దెబ్బతింటే పెరిగే సీకే. మూడో రోజుకి రిపోర్టు వచ్చింది. విటమిన్ డి 11 ఉంది, 20 కంటే తగ్గితే లోపం అంటారు. మిగతావన్నీ మామూలే. సీకే పెరగలేదంటే కండలోనే వాచే జబ్బు ఉండే అవకాశం బాగా తక్కువ అని చెప్పి, నరాల డాక్టరు దగ్గరకు పంపారు. అక్కడ అపాయింట్‌మెంట్ జూన్ 7కి. మళ్ళీ ఐదు వారాలు.

ఆ ఐదు వారాలే ఈ మొత్తంలో నాకు కష్టమైన కాలం. పగలు పనిలో పడి మర్చిపోయినా, రాత్రి పిక్క అదిరితే చాలు, గుండె దడదడలాడేది. మా ఆయన్ని లేపి "మళ్ళీ అదిరింది" అనేదాన్ని. ఆయన లైటు వేసి, కాలు పట్టుకుని కూర్చునేవారు. మాట్లాడేందుకు ఏమీ ఉండేది కాదు.

జూన్ 14న నరాల పరీక్ష. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ముందు రోజు నేను తిండి తినలేనంత టెన్షన్ పడ్డాను. కాళ్ళకు నూనె, క్రీము ఏమీ రాసుకురావద్దన్నారు. నొప్పి మందు కూడా. ఇది ముందు తెలుసుకోండి, నేను పొద్దున రాసుకుని వెళ్ళి అక్కడ సబ్బుతో కడుక్కోవాల్సి వచ్చింది. పాదాలు చల్లగా ఉంటే లెక్కలు తప్పుతాయని కాసేపు వేడి గుడ్డ చుట్టి ఉంచారు. మొదటి భాగంలో నరం మీద చిన్న చిన్న కరెంటు షాకులు ఇస్తారు. కాలు దానంతట అదే ఎగురుతుంది. మామూలు మనిషికి చిటికె వేసినట్టు ఉంటుందట. నాకు గట్టిగానే తగిలింది. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళ ఒంట్లో నొప్పి మీట ఎప్పుడూ పైకే తిప్పి ఉంటుంది కదా. ఆ మాట టెక్నీషియన్‌కి ముందే చెప్పాను. ఆ అబ్బాయి ప్రతి షాకుకి ముందు "ఇప్పుడు మేడమ్" అని చెప్పి ఇచ్చాడు. అలా చెప్పడం వల్ల చాలా తేలికైంది. రెండో భాగం సూది. డాక్టరే చేశారు. సన్నటి సూది కండలోకి గుచ్చి, ముందు కాలు వదులుగా ఉంచమంటారు, తర్వాత బిగించమంటారు. పక్కనున్న యంత్రంలోంచి చప్పుడు వస్తుంది. వదులుగా ఉన్నప్పుడు నిశ్శబ్దం, బిగిస్తే వాన కురిసినట్టు. వదులుగా ఉన్నప్పుడు చప్పుడు రాకపోవడమే మంచిదని ఆయన చెప్పారు. అప్పటి నుంచి ప్రతి కండ దగ్గరా ఊపిరి బిగబట్టి ఆ నిశ్శబ్దం కోసమే విన్నాను. మొత్తం యాభై నిమిషాలు. షాకుల కంటే సూదే నయం. కానీ తర్వాత రెండు రోజులు ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు నొప్పి. ఆ రెండు రోజులకి సెలవు ముందే పెట్టుకుని ఉంటే బాగుండేది.

జూన్ 19న నడుముకి ఎమ్మారై. చప్పుడు గురించి అందరూ చెప్పారు గానీ, గట్టి బల్ల మీద 35 నిమిషాలు కదలకుండా వెల్లకిలా పడుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. పది నిమిషాలకే తుంటి, నడుము మండిపోయాయి. మోకాళ్ళ కింద మెత్త పెట్టమని అడిగితే పెడతారు. నేను అడగలేదు. ఖర్చులో కూడా ఇదే పెద్దది. మిగతా పరీక్షలన్నీ కలిపినా దీనంత కాలేదు. ఆసుపత్రిలో చేరి చేయించుకున్నది కాదు కాబట్టి మా బీమా పైసా ఇవ్వలేదు. దాచుకున్న డబ్బు అందుకోసం తీశాం.

జూన్ 26, సోమవారం. పాప తేడా గమనించిన రాత్రి నుంచి 106వ రోజు. నరాల డాక్టరు రిపోర్టులు పక్కపక్కన పెట్టి, నరాలు బాగున్నాయి, సూది పరీక్షలో నరం తెగిన, కండ చచ్చిన గుర్తులు లేవు, నడుములో ఒక డిస్కు కొద్దిగా ఉబ్బింది గానీ ఏ నరాన్నీ నొక్కడం లేదు అని చెప్పారు. పిక్కల అదురు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ వస్తుందన్నారు. నేను "మరి కండ ఎందుకు తగ్గింది?" అన్నాను. ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "గత ఏడాదిలో ఎడమ మోకాలికి దెబ్బేమైనా తగిలిందా?"

లేదన్నాను. పక్కనుంచి మా ఆయన, "అక్టోబరులో బాత్రూమ్‌లో జారావు కదా" అన్నారు.

నిజంగా మర్చిపోయాను. 2022 అక్టోబరులో జారి మోకాలు వాచింది. ఒళ్ళంతా నొప్పే కాబట్టి అదీ ఫైబ్రో నొప్పే అనుకుని వదిలేశాను. మూడు వారాలకి వాపు తగ్గింది. డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మోకాల్లో నీరు చేరినా, నొప్పి ఉన్నా, తొడ ముందు కండని గట్టిగా బిగించమనే ఆజ్ఞ వెన్నుపాము దగ్గరే ఆగిపోతుంది. మనం కావాలని చేసేది కాదు. వాపు పోయాక కూడా, ఆ కాలిని పనిలో పెట్టకపోతే కండ తిరిగి మేల్కొనదు. పైగా మంచం మీద కొద్ది రోజులు ఉంటేనే ముందు కరిగేవి తొడ కండలు. నేను నెలల తరబడి ఉన్నాను. కుడి కాలు కూడా తగ్గే ఉంటుంది, పాత కొలత లేదు కాబట్టి తెలియడం లేదంతే అన్నారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. భయపడిన జబ్బు లేదని ఆయన ఏడ్చారు. నాకు మాత్రం దాంతో పాటు, ఈ ఏడాదంతా నొప్పి తగ్గుతుందని పడుకుని నా కాళ్ళని నేనే పోగొట్టుకున్నానన్న బాధ కూడా.

జులై 3న ఫిజియోథెరపీ మొదలుపెట్టాను. మొదటి చోట ఆటలవాళ్ళకి చేయించినట్టు ఒక్కో వ్యాయామం 30 సార్లు చేయించారు. ఫైబ్రోమయాల్జియా అని చెబితే "నొప్పి ఉంటేనే ఫలితం" అన్నారు. రెండో రోజుకి పడిపోయాను. తొమ్మిది రోజులు మంచం దిగలేదు, మళ్ళీ కండ పోతోందన్న భయం వేరే. రుమటాలజిస్టు గారు ఇంకో ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. జులై 24న ఈ కొత్త ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి రోజు చేసింది ఇంతే: మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం. ఐదుసార్లు. ఎడమ తొడని నేను బిగించమంటే అది బిగుసుకోలేదు. ఎవరిదో కాలికి చెప్పినట్టు ఉంది. ఆవిడ వేళ్ళతో ఆ కండ మీద తట్టి, "ఇక్కడ, ఇక్కడ" అంటూ ఉంటే నాలుగోసారికి చిన్నగా కదిలింది.

ఆవిడ చెప్పిన కొలమానం నాకు మందుల కంటే ఎక్కువ ఉపయోగపడింది. వ్యాయామం చేశాక నొప్పి పదికి రెండు అంకెలు పెరగొచ్చు, మర్నాటి పొద్దుటికి మామూలుకి రావాలి. వస్తే అదే మోతాదు కొనసాగించు, రెండు వారాలు అలా గడిస్తే ఒకటి పెంచు. రాకపోతే సగానికి తగ్గించు, కానీ సున్నా చేయకు. బాగున్న రోజు ఎక్కువ చేయకు అని కూడా పదేపదే చెప్పేవారు. అదే నాకు కష్టమైంది. నొప్పి తక్కువ ఉన్న రోజు ఇల్లంతా సర్దేసి, తర్వాత మూడు రోజులు పడుకోవడం నా అలవాటు.

మొదటి రోజు 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెట్టారు. ఏడు. అరవై నుంచి అరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళకే పన్నెండు కంటే తగ్గకూడదట. ఎనిమిది వారాలకి, సెప్టెంబరు 18న, పది వచ్చింది. ఎగిరి గంతేసినంత సంతోషంతో ఇంటికొచ్చి టేపు పెడితే ఎడమ 39.2. అంతే. అంత కష్టానికి రెండు మిల్లీమీటర్లు. ఆ వారం వ్యాయామం మానేద్దామనుకున్నాను. మొదటి వారాల్లో పెరిగే బలం కండ పెరగడం వల్ల కాదు, నరాలు ఉన్న కండని సరిగ్గా వాడుకోవడం వల్ల వస్తుందని, కండ పెరగడం టేపుకి కనిపించడానికి ఇంకా నెలలు పడుతుందని ఆవిడ అప్పుడు చెప్పారు. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ వారం అంత కుంగిపోయేదాన్ని కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వారానికి రెండు సిట్టింగుల ఖర్చు మాకు భారమైంది. సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడే మూడు వారాలకొకసారి రమ్మని, మిగతాది ఇంట్లో చేసుకునేలా కాగితం రాసిచ్చారు. తిండి లెక్క కూడా అడిగారు. నా బరువు 52 కిలోలు. నొప్పి రోజుల్లో వండుకోలేక ఏదో ఒకటి తిని ఊరుకునేదాన్ని, ప్రొటీను రోజుకి 35 గ్రాములు కూడా దాటేది కాదు. దాన్ని 60 దగ్గరికి తెచ్చుకోవడానికి రెండు నెలలు పట్టింది.

మందుల సంగతి క్లుప్తంగా. రాత్రి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌తో నిద్ర బాగుపడింది, కానీ పొద్దున మత్తు, నోరు ఎండిపోవడం. పడుకునేటప్పుడు కాకుండా రెండు గంటలు ముందు వేసుకోమన్నాక మత్తు తగ్గింది. విటమిన్ డి ఎనిమిది వారాలు వాడాను. నొప్పిలో పెద్ద తేడా లేదు, మెట్లెక్కేటప్పుడు నీరసం కొంత తగ్గినట్టు అనిపించింది.

30 సెకన్లలో కుర్చీలోంచి లేవడం నవంబరు చివరికి పన్నెండుకి చేరింది. డిసెంబరులో జ్వరం వచ్చి ఎనిమిది రోజులు పడుకున్నాను. లేచాక తొమ్మిది. ఎనిమిది రోజులకి రెండు నెలల కష్టం పోయింది. ఈసారి మాత్రం భయం వేయలేదు, దారి తెలుసు కాబట్టి. తువ్వాలు చుట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఐదు వారాలకి పన్నెండుకి చేరాను.

ఇది రాస్తున్నది 2024 మే నెలలో. నిన్న పాప కొలిచింది. కుడి 43, ఎడమ 42. కుడి కాలూ పెరిగిందంటే డాక్టరు గారన్నట్టు అదీ తగ్గే ఉండాలి. నొప్పి పోలేదు. అప్పుడు పదికి ఏడు ఉండేది, ఇప్పుడు చాలా రోజులు ఐదు, కొన్ని రోజులు ఏడే. కానీ మెట్ల మీద మోకాలు మడుచుకుపోయి ఆరు నెలలైంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కండ తగ్గడంతో పాటు పాదం ఈడ్చుకుపోవడం, మూత్రం పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, మింగడం కష్టం కావడం, బలం వారం వారం తగ్గిపోవడం, వీటిలో ఏది ఉన్నా నాలా అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. నాకు అవేవీ లేవు కాబట్టి ఆగగలిగాను.

మంచం పక్క గోడకి నేనొక చిన్న కాగితం అతికించుకున్నాను. నొప్పి ఏడు దాటిన రోజున చేయాల్సినవి అందులో ఉంటాయి. పడుకునే తొడ బిగించి వదలడం, కాలికి ఐదుసార్లు. మంచం అంచు మీద నుంచి లేచి కూర్చోవడం, మూడుసార్లు. గుమ్మం దాకా నడిచి రావడం, రెండుసార్లు. మొత్తం ఆరు నిమిషాలు పడుతుంది. పోయిన మంగళవారం అలాంటి రోజే. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి, పనులన్నీ తనే చేసేస్తానని చెప్పబోయి ఆగి, "ఎన్నయ్యాయి?" అని అడిగారు.